కొలత యెఱిగిన న్యాయవాది

రెండు పడవలపై కాళ్లు పెట్టినవాడు ఏటి పాలగునని పెద్దలు చెప్పుదురు. నాలుగేండ్లు ఇంజనీరింగు చదివి, కొంతకాలము కర్మాగారములలో పనిచేసి, పిమ్మట ఆ యుద్యోగమును విడిచి న్యాయకళాశాలలో చేరినవానిని జూచి బంధువులు సాధారణముగా ఈ సామెతనే యెత్తి చూపుదురు. "ఏమి నాయనా, చదివిన చదువంతయు ఏటిలో కలిపితివి గదా! యంత్రములు తెలిసినవానికి నల్లకోటుతో నేమి పని?" అని మేనమామ యడుగును. తల్లిదండ్రులు పైకి చెప్పకపోయినను లోలోపల చింతింతురు. ఊరిలో నలుగురును "స్థిరబుద్ధి లేనివాడు" అని యనుకొందురు.

ఈ నింద న్యాయమైనది కాదని నా యభిప్రాయము. అంతేకాదు, నేడు మనము పీల్చు గాలిని కాపాడుటకు కావలసినవారిలో ఇట్టివాడు మొదటి వరుసలోనివాడని నేను నమ్ముచున్నాను. ఎందువలననో మీకు వివరింప ప్రయత్నించెదను. నా మాటను వెంటనే అంగీకరింపనక్కఱలేదు. చివరివరకు చదివి, మీరే తీర్పు చెప్పుడు.

పొలము గట్టు తెగి పొరుగువాని నీరు మన చేనిలోనికి పాఱినచో, తెగిన గట్టు కంటికి కనబడును. పొరుగువాని యెద్దు మన పైరు మేసినచో, గిట్టల జాడ నేలమీద నుండును. ఊరిపెద్దలు వచ్చి చూచి, నష్టమెంతయో తేల్చి, తగవు తీర్పగలరు. గాలికి గట్టు లేదు. దానిమీద నడచిన విషమునకు జాడ లేదు. ఉదయము తూర్పునకు వీచిన గాలి సాయంకాలమునకు పడమటికి వీచును. నిన్న మన యూరిపై కమ్మిన పొగ నేడు ఎక్కడ నున్నదో ఎవరును చెప్పలేరు. పొగ వలన దగ్గు వచ్చినవానిని జూచి, "ఇది చలిగాలి వలన వచ్చినది, చుట్ట కాల్చుట వలన వచ్చినది" అని యెదుటివాడు వాదింపవచ్చును.

నిప్పు లేనిదే పొగ రాదని మనకు మఱియొక సామెత గలదు. అది ఇంటి ముచ్చటకు చాలును. న్యాయస్థానములో చాలదు. పది పొగగొట్టములున్న చోట, ఈ పొగ యెవరి నిప్పునుండి వచ్చినది? ఎంత వచ్చినది? ఎంతసేపు వచ్చినది? ఆ పొగలో నేమున్నది? దానిని ఆపుటకు ఉపాయమున్నదా, లేదా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పనిదే న్యాయమూర్తి తీర్పు వ్రాయజాలడు. జవాబులన్నియు కొలతలతో ముడిపడియున్నవి. కొలతలు ఇంజనీరు చేతిలో నున్నవి; వాదము న్యాయవాది నోటిలో నున్నది. ఈ రెండును ఒక్క మనిషియందు కూడినప్పుడు కలుగు మేలు గొప్పది.

చరిత్ర ఈ మాటకు సాక్ష్యమిచ్చుచున్నది. ఇంగ్లండులో పందొమ్మిదవ శతాబ్దమున ఉప్పునుండి సోడాను తయారుచేయు కర్మాగారములు పెరిగినవి. ఉప్పును గంధకామ్లముతో కలిపి కాచినప్పుడు హైడ్రోక్లోరిక ఆమ్లవాయువు వెలువడెడిది. దానిని గాలిలోనికి వదలుట చేత చుట్టుపట్ల చెట్లు మాడిపోయినవి, పైరులు పాడైనవి. భూస్వాములు దావాలు వేసిరి. కాని అనేక కర్మాగారములు ఒక్కచోట నుండుటచే, తమ పంటను మాడ్చినది ఏ గొట్టపు పొగయో నిరూపించుట వారికి కష్టమైనది. యజమానులు గొట్టములను ఇంకను ఎత్తుగా కట్టించిరి. దాని వలన విషము తగ్గలేదు. మఱికొంత దూరమునకు పోయి పడెను.

తుదకు 1863లో పార్లమెంటు ఒక చట్టము చేసెను. ఆ వాయువులో నూటికి 95 వంతులు నీటిలో కరగించి పట్టవలెనని అది శాసించెను. అమలు జరుపుటకు రాబర్టు ఆంగస్ స్మిత్ అను రసాయనశాస్త్రజ్ఞుడు తనిఖీ అధికారిగా నియమింపబడెను. "ఆమ్లవర్షము" అను మాటను లోకమునకు పరిచయము చేసినవాడు ఇతడే. ఇతని పనిలో నొక చిక్కు బయటపడినది. నూటికి 5 వంతులు వదలవచ్చునని చట్టము చెప్పుచున్నది. కర్మాగారము చిన్నదైనప్పుడు 100 మణుగులలో 5 మణుగులు గాలిలో కలియును. అదే కర్మాగారము పదిరెట్లు పెరిగినచో 1000 మణుగులలో 50 మణుగులు కలియును. చట్టమును ఎవరును మీఱలేదు. విషము మాత్రము పదిరెట్లైనది! ఈ లోపమును సవరించుటకు 1874లో మఱియొక చట్టము వచ్చినది. గొట్టమునుండి వెలువడు ప్రతి ఘనపు అడుగు వాయువులో ఆమ్లము ఇంతకు మించరాదని అది హద్దు పెట్టెను.

చూచితిరా! చట్టములోని లోపమును గుర్తింపగలిగినది లెక్క. భాష యెంత గంభీరముగా నున్నను, లెక్క తప్పినచో చట్టము పనిచేయదు. ఇచ్చట మఱియొక విశేషము గలదు. అంతకుముందు గాలిలో పాఱబోయుచుండిన ఆ యామ్లమునుండి బట్టలను తెలుపుచేయు చూర్ణమును తయారుచేసి యజమానులు లాభము గడించిరి. చట్టము నిర్బంధించినందుననే వారికి ఆ లాభము చేకూరెను.

రెండవ నిదర్శనము లండను నగరమునకు సంబంధించినది. 1952 డిసెంబరు 5వ తేదీనుండి 9వ తేదీవరకు ఆ నగరమును బొగ్గుపొగతో కూడిన దట్టమైన మంచు కప్పివేసెను. చేయి చాచినచో వ్రేళ్లు కనబడని స్థితి యేర్పడెను. ఆ పొగ వలన సుమారు 4,000 మంది మరణించిరని అప్పటి లెక్క. 12,000 వరకు నుండవచ్చునని తరువాతి పరిశోధకులు చెప్పిరి. ప్రభుత్వము 1953లో ఒక విచారణ సంఘమును నియమించెను. దానికి అధ్యక్షుడు సర్ హ్యూ బీవర్. ఆయన వృత్తిచేత ఇంజనీరు. మీలో చాలమంది యెఱిగిన గిన్నిస్ రికార్డుల పుస్తకమును వెలువరింపవలెనను ఊహ మొదట కలిగినదియు ఈయనకే. ఆ సంఘపు నివేదిక ననుసరించి 1956లో స్వచ్ఛవాయు చట్టము వచ్చినది.

ఆ చట్టములో "నల్లని పొగ వదలరాదు" అని మాత్రము వ్రాసియుండినచో నేమి జరుగును? నాకు నల్లగా కనబడినది మీకు బూడిదరంగుగా కనబడవచ్చును. యజమాని కంటికి అది తెల్లగానే యుండును! న్యాయస్థానములో రంగును గూర్చిన జగడము తెగదు. కావున చట్టము ఒక పటమును ఆధారముగా గైకొన్నది. దానిని పందొమ్మిదవ శతాబ్దపు చివర ఫ్రాన్సు దేశములో మాక్సిమిలియన్ రింగెల్‌మన్ అను వ్యవసాయ ఇంజనీరు రచించెను. తెల్లకాగితముపై అడ్డముగను నిలువుగను నల్లగీతలు గీసిన గడులు అందులో నుండును. ఒకటవ గడిలో నలుపు నూటికి 20 వంతులు, రెండవదానిలో 40, మూడవదానిలో 60, నాలుగవదానిలో 80. కొంత దూరమునుండి చూచినప్పుడు గీతలు కలిసిపోయి బూడిదరంగు ఛాయలుగా కనబడును. పొగను ఆ ఛాయలతో సరిపోల్చి చూడవలెను. రెండవ ఛాయతో సమానముగనో, అంతకన్న ముదురుగనో యున్నచో అది చట్టరీత్యా నల్లనిపొగ. ఇంత సులభమైన సాధనముతో కంటిజగడము తీఱిపోయెను. ఒక ఇంజనీరు గీసిన గీతలు మఱియొక దేశపు శాసనములో చేరి కోట్ల జనుల ఊపిరిని కాపాడినవి.

ఇక మన కాలమునకు వత్తము. నేటి చిక్కు అంతకంటె కఠినమైనది; ఏలన, మిక్కిలి హానికరమైన ధూళి కంటికి కనబడదు. రెండున్నర మైక్రాన్లకు లోపలి కణము తల వెండ్రుక మందములో ముప్పదవ వంతుకు దగ్గఱగా నుండును. అట్టి కణము ముక్కులోని రోమములకు చిక్కక ఊపిరితిత్తుల లోతులకు చేరును. దీనిని పటముతో సరిచూడలేము; యంత్రముతో తూచవలెను. మన దేశమున 1981లో వాయుకాలుష్య నివారణ చట్టము వచ్చినది. ఆరుబయటి గాలికి 2009లో ప్రకటించిన ప్రమాణముల ప్రకారము, ఘనపు మీటరు గాలిలో పది మైక్రాన్లలోపు ధూళి ఒక దినపు సగటున 100 మైక్రోగ్రాములకు మించరాదు. రెండున్నర మైక్రాన్లలోపు ధూళి 60 మైక్రోగ్రాములకు మించరాదు.

ఇప్పుడొక ఉదాహరణమును ఊహింతము. ఒక యూరిప్రక్కన సిమెంటు కర్మాగారము గలదు. రాత్రులందు దుమ్ము కురియుచున్నదని, తెల్లవాఱునప్పటికి బావినీటిపై తెట్టు కట్టుచున్నదని, పిల్లలు దగ్గుచున్నారని గ్రామస్థులు మొఱపెట్టుకొనిరి. కర్మాగారము వారు ఒక పత్రము దాఖలు చేసిరి. అందులో పది మైక్రాన్లలోపు ధూళి 70 అని యున్నది. హద్దు 100. కొలతలు తెలియని న్యాయవాది యేమి చేయగలడు? గ్రామస్థుల కష్టమును హృదయము ద్రవించునట్లు వర్ణింపగలడు. న్యాయమూర్తి జాలిపడును, కాని పత్రము ఎదుట నున్నది.

కొలత యెఱిగినవాడు కంఠమెత్తడు. మూడు చిన్న ప్రశ్నలడుగును. "ఈ కొలత ఏ వేళ తీసితిరి? ఆ సమయమున ఎన్ని కొలుములు పనిచేయుచుండెను? యంత్రమును గాలి వచ్చు దిక్కున నుంచితిరా, పోవు దిక్కున నుంచితిరా?" విచారింపగా, పగటి పండ్రెండు గంటలు మాత్రమే కొలిచిరని తేలినది. రాత్రి పండ్రెండు గంటలు కూడ కొలువుడని న్యాయస్థానము ఉత్తరువు చేసినది. రాత్రి 190 వచ్చినది. పగలు 70, రాత్రి 190, రెంటి మొత్తము 260, సగటు 130. హద్దు దాటినది! ఈ లెక్క మీ తరగతి పిల్లవాడును చేయగలడు. కాని ఏ లెక్క చేయవలెనో తోచుటకు మాత్రము కర్మాగారమును లోపలినుండి యెఱిగియుండవలెను.

అట్టివానికి తరువాతి మెట్టును తెలియును. "కర్మాగారమును మూసివేయుడు" అని యతడు తొందరపడి యడుగడు. అందు పనిచేయు కూలివాని పిల్లలకును అన్నము కావలెను గదా! దుమ్మును పట్టు సంచులెట్లున్నవి, విద్యుచ్ఛక్తితో ధూళిని లాగు పరికరము రాత్రివేళ నిలిపివేయబడుచున్నదా, బాగుచేయుటకు ఎన్ని దినములు పట్టును అని విచారించి, సాధ్యమైన ఉత్తరువును కోరును. ఆగ్రాలోని తాజ్‌మహలు విషయమున 1996 డిసెంబరు 30వ తేదీన సుప్రీముకోర్టు ఇట్టి మార్గమునే చూపినది. ఆ పరిసరములలోని 292 కర్మాగారములు బొగ్గును మాని సహజవాయువును వాడవలెననియు, అట్లు చేయలేనివి వేఱొక చోటికి తరలిపోవలెననియు తీర్పు చెప్పుచు, తరలింపు కాలములో పనివారి జీతములకు భంగము కలుగకుండ హక్కులను గూడ నిర్ణయించెను. వ్యాధిని తెలిసికొనుట మాత్రమే కాక మందును గూడ తెలిసిన తీర్పు అది.

ఈ సమస్యను నిదానించి చూచినవారిలో మన తెలుగువారైన న్యాయమూర్తి మామిడన్న జగన్నాథరావుగారిని ముఖ్యముగా స్మరింపవలెను. 1908లో మూసీనది వరదచే హైదరాబాదు మునిగిన పిదప, మోక్షగుండం విశ్వేశ్వరయ్యవంటి ఇంజనీరు సలహాతో గండిపేట, హిమాయత్‌సాగరము అను రెండు జలాశయములు ఏర్పడిన సంగతి మీకు తెలిసినదే. వాటికి పది కిలోమీటర్లలోపల కాలుష్యము కలిగించు పరిశ్రమలు పెట్టరాదని 1996లో ప్రభుత్వము ఉత్తరువు చేసినది. ఆ హద్దులోపల ఒక నూనెల కర్మాగారమునకు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి నిరాకరించెను. దాని విధానము హానికరము కాదని కొందఱు నిపుణులు చెప్పిరి. వ్యాజ్యము సుప్రీముకోర్టు వరకు పోయినది.

1999 జనవరి 27వ తేదీ తీర్పులో జగన్నాథరావుగారు ఒక సత్యమును దాచక చెప్పిరి. నిపుణులలో నిపుణులకే పొత్తు కుదరని శాస్త్రవిషయములను, చట్టము మాత్రమే చదివిన న్యాయమూర్తులు తేల్చుట కష్టమనియు, న్యాయవేత్తలును శాస్త్రవేత్తలును కలసి కూర్చుండి విచారించు న్యాయస్థానములు అవసరమనియు వారు సూచించిరి. తమకు తెలియనిదానిని తెలియదని యొప్పుకొనుట గొప్పవారి లక్షణము. తుదకు 2000 డిసెంబరులో ఆ కర్మాగారమునకు వ్యతిరేకముగా తీర్పు వచ్చినది. వారి సూచన కాలక్రమమున ఫలించి, 2010లో జాతీయ హరిత న్యాయాధికరణము ఏర్పడెను. అందు న్యాయశాస్త్రము తెలిసిన సభ్యులతోపాటు, విజ్ఞానశాస్త్రమునందును ఇంజనీరింగునందును అనుభవము గడించిన నిపుణులును సమానముగా కూర్చుండి తీర్పు చెప్పుదురు. ఇంజనీరు చెఱువు కట్టెను. న్యాయస్థానము ఆ చెఱువును కాపాడెను. ఆ కాపాడు ప్రయత్నములోనుండి ఇద్దఱికిని ఒకే పీఠము లభించెను.

న్యాయపీఠముపై ఇట్టి కూడిక అవసరమైనప్పుడు, దాని యెదుట నిలిచి వాదించువానికి మాత్రము అవసరము కాదా? ఇదియే నా ప్రశ్న.

నా యభిప్రాయమునకు ఆక్షేపణలు లేకపోలేదు. మొదటిది: ఈ రెండు విద్యలును నేర్చినవాడు కాలుష్యము చేయువాని పక్షమున చేరినచో, ఇంకను ఎక్కువ హాని చేయడా? చేయును. పగటి కొలతను మాత్రము చూపు ఉపాయము అతనికే బాగుగా తెలియును. కాని కత్తి దొంగచేతిలో నుండవచ్చునని కత్తులన్నియు పాఱవేయము. ఒక పక్షమున నిపుణుడుండగా, రెండవ పక్షమున నుండు బీదజనులకును అట్టి నిపుణుడు దొరకవలెను. అదియే న్యాయము. కర్మాగారమునకు సలహా నిచ్చువాడైనను, "ఇది చట్టవిరుద్ధము, ఈ యంత్రము పెట్టించుడు" అని ముందుగా హెచ్చరించినచో అతడును ప్రజాసేవ చేసినవాడే.

రెండవ యాక్షేపణ బలమైనది. ఇంజనీరు స్వభావమేమి? సంపూర్ణముగా ఋజువు కానిదానిని అతడు నమ్మడు. వంతెన నిలుచునని లెక్క తేలువఱకు దానిపై బండిని పోనీయడు. అట్టివాడు న్యాయవాదియై, "ఈ పొగయే ఈ వ్యాధికి కారణమని పూర్తిగా ఋజువు కాలేదు" అని కాలము గడపినచో, ఈలోపల పిల్లల ఊపిరితిత్తులు చెడిపోవును గదా? ఈ మాట నిజము. ఇచ్చటనే ఇంజనీరు న్యాయశాస్త్రమునుండి నేర్వవలసినది కలదు. తిరిగి తెచ్చుకొనలేని నష్టము కలుగునని భయమున్నప్పుడు, సంపూర్ణమైన ఋజువునకై వేచియుండరాదనియు, తన పని హానికరము కాదని చూపవలసిన భారము ఆ పనిని తలపెట్టినవానిదేయనియు పైన చెప్పిన తీర్పు బోధించుచున్నది. ఆలోచించినచో ఇది ఇంజనీరునకు కొత్తమాట కాదు. వంతెన కూలునని ఋజువైన తరువాత బండిని ఆపుట కాదు, నిలుచునని ఋజువగువఱకు ఆపుటయే గదా అతని ధర్మము! ఆ ధర్మమునే గాలికిని వర్తింపజేయవలెను.

మూడవ యాక్షేపణ: మనుష్యుల బాధను అంకెలకు కుదించుట తగునా? తగదు. హద్దు లోపల నున్నంత మాత్రమున గాలి నిర్దోషమైనదని తలపరాదు. రెండున్నర మైక్రాన్లలోపు ధూళికి మన దేశపు ప్రమాణము సంవత్సరపు సగటున 40 మైక్రోగ్రాములు కాగా, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది 5 మాత్రమే. దేశ పరిస్థితులనుబట్టి మనుష్యులు గీసిన గీత అది. ఊపిరితిత్తులు ఆ గీతను ఎఱుగవు. కావున అంకెను గౌరవింపవలెను. కాని అంకెకు దాసులము కారాదు. దగ్గుచున్న పిల్లవాని తల్లి చెప్పు మాటను ఓపికగా వినలేనివాడు ఎన్ని పట్టములు పొందినను మంచి న్యాయవాది కాజాలడు.

బాలబాలికలారా! లెక్కలు వచ్చినవాడు ఒక దారిని, మాటలు వచ్చినవాడు మఱియొక దారిని పోవలెనని మీకు ఇప్పటినుండియే చెప్పువారుందురు. ఆ మాటను పూర్తిగా నమ్మకుడు. ఏ విద్యలో పట్టభద్రుడైనను మన దేశమున మూడేండ్లు న్యాయశాస్త్రము చదివి న్యాయవాది కావచ్చును. అందఱును అట్లు కావలెనని నేను చెప్పుట లేదు. లెక్క చేయుచున్నప్పుడు, దాని వలన ఎవరికి న్యాయము కలుగునో ఆలోచింపుడు. న్యాయమును గూర్చి మాటలాడుచున్నప్పుడు, మీ మాట వెనుక కొలత యున్నదో లేదో చూచుకొనుడు. ఇది యే వృత్తిలోని వారికైనను పనికివచ్చును.

ఇక ఆ మేనమామగారి ప్రశ్నకు జవాబు చెప్పవలసియున్నది. రెండు పడవలపై కాళ్లు పెట్టినవాడు ఏటిలో పడునన్నది నిజమే. కాని రెండు ఒడ్లను ఎఱిగిన పడవవాడు లేకున్నచో, ఈ యొడ్డున నున్నవారు ఆ యొడ్డునకు చేరు టెట్లు? ఈ యొడ్డున దుమ్ము తెట్టుకట్టిన బావి గల పల్లె యున్నది; ఆ యొడ్డున న్యాయపీఠమున్నది. అతడు నేర్చిన మొదటి విద్య ఏటిలో కలిసిపోలేదు. దానితోనే అతడు పడవను నడుపుచున్నాడు.